నీలం జెల్ మీద తెల్ల గీత: మేక నెత్తురులో జింకు ఎంజైమును చూడటం ఎలా

ఈడీటీఏ పట్టీ లేని జైమోగ్రామ్‌ను నా దగ్గరికి తేవొద్దని మా పిల్లలకు ముందే చెప్పేస్తాను. జైమోగ్రామ్ అంటే జెలటిన్ కలిపిన జెల్‌లో నమూనాను నడిపి నీలం రంగు వేసి చూడటం, ఎంజైము జెలటిన్‌ను తిన్నచోట రంగు పట్టదు. ఈడీటీఏ లోహాల్ని లాగేసే మందు, పట్టీ అంటే అందులో నానబెట్టిన జెల్ ముక్క. నీలం జెల్ మధ్యలో తెల్లగా గీత కనబడగానే "మేడం, ఎంఎంపీ వచ్చింది" అని పరుగెత్తుకొస్తారు. మనం వెతికే జింకు ఎంజైముల పొట్టి పేరు అది. ఏదో వచ్చిన మాట నిజమే. జెలటిన్‌ను తిన్న ఎంజైము ఒకటి అక్కడ ఉంది. అది జింకు మీద ఆధారపడేదో, ట్రిప్సిన్ బాపతుదో ఆ గీత చెప్పదు. పక్కన ఇంకో పట్టీ పెడితేనే తెలుస్తుంది. అందుకే ఇక్కడ జెల్ నడపడం గురించి తక్కువ, ఆ పక్క పట్టీల గురించి ఎక్కువ చెబుతాను.

నేను హన్మకొండలో ఒక కాలేజీలో బయోకెమిస్ట్రీ ల్యాబ్ చూసుకుంటాను. మా దగ్గర ఉన్నవి మామూలు సామాన్లే: చిన్న సైజు నిలువు జెల్ సెట్టు, పవర్ ప్యాక్, టేబుల్ మీద పెట్టే సెంట్రిఫ్యూజ్, ఒక ఇంక్యుబేటర్. ఇవి ఉంటే కాజీపేటలోనైనా కరీంనగర్‌లోనైనా ఈ ప్రయోగం అవుతుంది. ఖరీదైన యాంటీబాడీ ఒక్కటి కూడా అక్కర్లేదు. పొద్దున మొదలుపెడితే మర్నాడు మధ్యాహ్నానికి ఫలితం చేతిలో ఉంటుంది.

దేన్ని వెతుకుతున్నాం

మాట్రిక్స్ మెటల్లోప్రోటియేజ్‌లను. పొట్టిగా ఎంఎంపీలు అంటారు. మనిషిలో 23 రకాలున్నాయి. మేకలో, కోడిలో, కప్పలో ఉన్నాయి, మొక్కల్లోనూ ఉన్నాయి. అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో అయిదు దొరికాయి. కణాల చుట్టూ ఉండే కొలాజెన్ లాంటి ప్రొటీన్లను కోయడం వీటి పని. గాయం మానేటప్పుడు, ఎముక పెరిగేటప్పుడు ఈ కోత కావాలి. అదుపు తప్పితే కీళ్ల జబ్బుల్లో, క్యాన్సర్ పాకడంలో కూడా వీటి చెయ్యి ఉంటుంది.

వీటన్నిటిలోనూ కోసే భాగం ఒకే రకం డొమైన్. దాని నడిబొడ్డున ఒక వరస కనిపిస్తుంది: హిస్టిడిన్, గ్లుటమేట్, ఏవైనా రెండు అమైనో ఆమ్లాలు, మళ్లీ హిస్టిడిన్, ఏవైనా రెండు, గ్లైసిన్, ఏవైనా రెండు, మళ్లీ హిస్టిడిన్. ఈ మూడు హిస్టిడిన్లు కలిసి ఒక జింకు అయాన్‌ను పట్టుకుంటాయి. జింకుకు అంటుకున్న నీటి అణువు నుంచి గ్లుటమేట్ ఒక ప్రోటాన్‌ను లాక్కుంటుంది, ఆ నీరు పెప్టైడ్ బంధం మీద పడుతుంది, బంధం తెగుతుంది. జింకు కింద మెథియోనిన్ ఉన్న ఒక మలుపు ఉంటుంది. ఆ మలుపునూ జింకునూ కలిపి ఇలాంటి ఎంజైములన్నిటికీ 1993లో మెట్జింకిన్లు అని పేరు పెట్టారు. పరీక్షలో రాయడానికి ఇంత చాలు. మనకు ఇక్కడ కావాల్సింది ఒక్కటే: జింకును లాగేస్తే కోత ఆగిపోతుంది. ప్రయోగమంతా దీని మీదే నిలబడుతుంది.

ఈ కుటుంబంలో ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 అనే రెంటికి కోసే డొమైన్ మధ్యలోనే ఫైబ్రోనెక్టిన్‌ను పోలిన మూడు ముక్కలు అదనంగా దూరి ఉంటాయి. అవి జెలటిన్‌ను గట్టిగా పట్టుకుంటాయి. జెల్‌లో జెలటిన్ కలిపితే మిగతావాటికన్నా ముందు ఈ రెండూ బయటపడటానికి కారణం అదే. వీటిని జెలటినేజ్‌లు అని కూడా అంటారు.

పద్ధతి వెనకున్న ఊహ పాతదే. 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ అనే ఇద్దరు కప్పపిల్ల తోక ముక్కల్ని కొలాజెన్ జెల్ మీద పెట్టారు. కప్పగా మారేటప్పుడు ఆ తోక ఎటు పోతుందన్నది వాళ్ల ప్రశ్న. ముక్క చుట్టూ జెల్ కరిగి ఖాళీ వలయం ఏర్పడింది. ఎంఎంపీల కథ అక్కడ మొదలైంది. వానాకాలం వడ్డేపల్లి చెరువు గట్టున నిలబడి చూస్తే కావలసినన్ని కప్పపిల్లలు, కానీ వాటి జోలికి వెళ్లొద్దు. మేక చాలు.

నెత్తురు తెచ్చుకోవడం

మనుషుల రక్తం తీయాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. పిల్లల ప్రాక్టికల్ కోసం ఆ తంతు ఎవరూ పెట్టుకోరు, పెట్టుకోకుండా సూది గుచ్చడం తప్పు. ఆదివారం పొద్దున్నే మటన్ షాపుకు వెళ్లడం సులువు. నేను వెళ్లే షాపాయన మొదటిసారి అడిగాడు, "నెత్తురెందుకు మేడం, నల్ల వండుకుంటరా?" అని. మా వైపు మేక నెత్తురు వేపుడును నల్ల అంటాం. నల్ల కోసం తీసే నెత్తురు వెడల్పు గిన్నెలో పడుతుంది, కొందరు అందులో ఉప్పు, నీళ్లు కలుపుతారు. నీళ్లు పడ్డాయంటే ఎర్ర కణాలు పగిలిపోతాయి, సీరం ఎర్రగా దిగుతుంది, మనకు పనికిరాదు. అందుకే "అన్నా, ఏమీ కలపకు, నా ట్యూబులోకే పట్టియ్యి" అని ముందే చెప్పుకోవాలి.

రెండు ట్యూబులు తీసుకెళ్లండి, రెండూ మూత ఉన్న ప్లాస్టిక్‌వే. ఒకటి ఖాళీది. రెండోదాంట్లో 3.2 శాతం సోడియం సిట్రేట్ ఒక మిల్లీలీటరు, నెత్తురు పోశాక పది మిల్లీలీటర్లు అయ్యేలా గీత పెట్టి. సిట్రేట్ ట్యూబును పోయగానే మెల్లగా నాలుగైదుసార్లు తలకిందులు చేయాలి, ఊపకూడదు. మెడ కోసినప్పుడు మొదట వచ్చే ధారను వదిలేయాలి. అందులో వెంట్రుకలు, ఒక్కోసారి కడుపులోంచి ఎగదన్నిన పసరు కలుస్తాయి. ఆ పసరులో బ్యాక్టీరియా ఎంజైములుంటాయి, అవీ జెలటిన్‌ను తినగలవు. డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లిచ్చే ఊదా మూత ట్యూబులు మాత్రం వాడకండి. వాటిలో ఈడీటీఏ ఉంటుంది. జెల్‌లో అది విడిపోతుందనుకోండి, కానీ జింకును చూడబోతూ మొదటి అడుగులోనే జింకును లాగే మందు వేసుకోవడమెందుకు?

ఖాళీ ట్యూబును గంటసేపు కదపకుండా ఉంచితే గడ్డ కడుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో 3000 ఆర్‌పీఎమ్‌తో పది నిమిషాలు తిప్పితే పైన గడ్డిరంగు సీరం తేలుతుంది. సిట్రేట్ ట్యూబును గడ్డ కట్టనివ్వకుండా అలాగే తిప్పితే ప్లాస్మా వస్తుంది. ఒకే మేక, రెండు నమూనాలు. గడ్డ కట్టేటప్పుడు తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు తమలో దాచుకున్న ఎంఎంపీ-9ను వదులుతాయి, కాబట్టి సీరంలో ఆ గీత ప్లాస్మాలోకన్నా లావుగా రావాలి. ఎంఎంపీ-2 రెంటిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. గీతల్లో ఈ తేడా కనబడిందంటే మీ చేతి పని కుదిరిందని గుర్తు.

చిన్న ట్యూబుల్లో 50 మైక్రోలీటర్ల చొప్పున పంచి ఫ్రీజర్‌లో పెట్టండి. ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు. పదేపదే కరిగిస్తే ఎంజైము కొంత ముక్కలవుతుంది, లేని గీతలు పుట్టుకొస్తాయి.

జెల్

పది మిల్లీలీటర్ల 8 శాతం జెల్‌కు నేను వాడే లెక్క ఇది: 30 శాతం ఆక్రిలమైడ్ ద్రావణం 2.7 మి.లీ., పీహెచ్ 8.8 ఉన్న 1.5 మోలార్ ట్రిస్ 2.5 మి.లీ., మి.లీ.కి 10 మిల్లీగ్రాముల జెలటిన్ ద్రావణం 1 మి.లీ., 10 శాతం ఎస్‌డీఎస్ (ప్రొటీన్లను విప్పే డిటర్జెంటు) 0.1 మి.లీ., నీళ్లు 3.6 మి.లీ., చివర్లో జెల్‌ను గట్టిపరిచే రెండు, 10 శాతం ఏపీఎస్ 0.1 మి.లీ., టెమెడ్ 8 మైక్రోలీటర్లు. పైన పోసే స్టాకింగ్ జెల్ మామూలుదే, దాంట్లో జెలటిన్ వేయొద్దు. గట్టిపడని ఆక్రిలమైడ్ నరాలకు విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

జెలటిన్ పంది చర్మంతో చేసిన ల్యాబ్ రకమైతే మంచిది. రిహార్సల్ కోసం బేకరీ సామాన్ల షాపులో దొరికే రుచీ రంగూ లేని జెలటిన్ పొడి పనికొస్తుంది. కానీ అక్కడే చైనా గ్రాస్ కూడా ఉంటుంది, ఇదీ అదీ ఒకటే అని షాపువాళ్లు ఇచ్చేస్తారు. ఒకటి కాదు. చైనా గ్రాస్ అంటే అగర్, సముద్రపు నాచులోంచి తీసిన పిండిపదార్థం. దాన్ని ప్రోటియేజ్, అంటే ప్రొటీన్‌ను కోసే ఎంజైము, కోయలేదు. ప్రొటీన్లకు పట్టే కూమాసీ నీలం రంగు దానికి పట్టదు. రాత్రంతా కూర్చున్నా జెల్ బోసిగానే ఉంటుంది.

జెలటిన్‌ను ముందు చల్లటి నీళ్లలో పది నిమిషాలు నాననిచ్చి, తర్వాత 50-60 డిగ్రీల వేడి నీళ్ల గిన్నెలో ట్యూబు పెట్టి కరిగించాలి. నేరుగా మరిగిస్తే అడుగున ముద్ద కడుతుంది. వేడిగా ఉండగానే ఆక్రిలమైడ్‌లో పోసి టెమెడ్ కలిపితే పోసేలోగానే జెల్ బిగుసుకుంటుంది. మే నెలలో మా ల్యాబ్‌లో చల్లారిన ద్రావణంతో కూడా ఇదే జరుగుతుంది. అప్పుడు టెమెడ్ సగానికి తగ్గిస్తాం, గాజు పలకల్ని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తాం.

నీళ్ల గురించి ఒక మాట. వరంగల్ చుట్టుపక్కల బోరు నీళ్లు గట్టివి, గిన్నెలో కాచితే అడుగున తెల్ల పొర కడుతుంది. ఆ పొరలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం మన లెక్కలన్నీ తారుమారు చేస్తాయి. ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు కూడా చాలవు. రెండుసార్లు డిస్టిల్ చేసినవి వాడండి.

నమూనాకు కలిపే బఫర్ మామూలు ఎస్‌డీఎస్ బఫరే, కానీ రెండు పనులు మానుకోవాలి. మెర్‌కాప్టోఇథనాల్, డీటీటీ వేయకూడదు. మరగబెట్టకూడదు. ప్రొటీన్‌లోని డైసల్ఫైడ్ బంధాలు తెగితే తర్వాత ఎంజైము తిరిగి మడతపడలేదు. వెస్టర్న్ బ్లాట్ చేసి అలవాటైన పిల్లలు చెయ్యి తిరిగినట్టు ట్యూబుల్ని హీట్ బ్లాక్‌లో పెట్టేస్తారు, కాబట్టి ఆ రోజు హీట్ బ్లాక్ ప్లగ్ తీసి పక్కన పెట్టిస్తాను. బఫర్ కలిపాక గది వేడిలోనే పావుగంట ఉంచితే చాలు.

సీరం కాస్త ఎక్కువ వేద్దామన్న ఆశ వద్దు. సీరంలో ఎక్కువ భాగం ఆల్బుమిన్, దాని బరువు దాదాపు 66 కిలోడాల్టన్లు. మన ఎంఎంపీ-2 నడిచే దారిలోనే అది అడ్డంగా కూర్చుంటుంది. ఎక్కువ వేస్తే అక్కడ ముదురు నీలం ముద్ద, దాని పైన వంకరపోయిన తెల్ల గీత కనిపిస్తాయి. సీరాన్ని 20 రెట్లు పలచన చేసి, అందులోంచి 10 మైక్రోలీటర్లు. అంతే.

పది బావులున్న జెల్‌లో నేను ఇలా నింపుతాను: మొదటి బావిలో మార్కర్ (బరువులు తెలిసిన ప్రొటీన్లు), రెండోది ఖాళీ, ఆ తర్వాత సీరం, ప్లాస్మా, సీరం, ప్లాస్మా అలా పదో బావి దాకా. నాలుగు జతలు వస్తాయి. రెండో బావి ఎందుకు వదిలానంటే, కొనే మార్కర్లలో చాలావాటిలో డీటీటీ లాంటిది కలిపి ఉంటుంది, అది పక్క లేన్‌లోకి పాకి అక్కడి ఎంజైమును చంపుతుంది.

100 వోల్టులతో, ట్యాంకు చుట్టూ ఐసు పెట్టి, నమూనా బఫర్‌లోని నీలం రంగు అడుగుకు చేరేదాకా నడపండి. జెల్ వేడెక్కితే లోపలే జెలటిన్ కోత మొదలై లేన్ పొడవునా తెల్లటి చార పడుతుంది.

కడగడం, కోయడం

ఎస్‌డీఎస్ ప్రొటీన్‌ను విప్పి ఉంచుతుంది, అది పోతే ఎంజైము మళ్లీ మడతపడుతుంది. దాన్ని తీసేది ట్రైటాన్ ఎక్స్-100. సీసాలో తేనెలా సాగుతుంది, పిపెట్ టిప్ కొన కత్తిరించి తీసుకోండి, లేకపోతే కొలత తప్పుతుంది. ట్రిస్ బఫర్‌లో 2.5 శాతం చేసి, జెల్‌ను అరగంట చొప్పున రెండుసార్లు మెల్లగా ఊపుతూ కడగాలి. మొదటి విడతలో నురుగు బాగా వస్తుంది. రెండో విడత అయ్యాక కూడా నురుగు అలాగే ఉంటే మూడోసారి కడగండి.

ఇప్పుడు జెల్‌ను నాలుగు పట్టీలుగా కోయాలి. స్కాల్పెల్‌ను లాగితే జెల్ చిరుగుతుంది, పైనుంచి నిటారుగా నొక్కాలి. మార్కర్, ఖాళీ లేన్, మొదటి జత కలిసి మొదటి పట్టీ. మిగతా మూడు జతలు మూడు పట్టీలు. కుడి కింది మూలలో ఒకదానికి ఒక గాటు, రెండోదానికి రెండు, అలా గుర్తు పెట్టండి. రంగు వేసి కడిగాక ఏది ఏదో ఎవరికీ గుర్తుండదు.

నాలుగు పట్టీలకు నాలుగు డబ్బాలు. అన్నిట్లో మూల బఫర్ ఒకటే: 50 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 7.5. ఫాస్ఫేట్ బఫర్ వద్దు, కాల్షియంతో కలిసి తెల్లగా విరుగుతుంది.

మొదటి డబ్బాలో మామూలు పట్టీ. దాంట్లో 5 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్, ఒక మైక్రోమోలార్ జింక్ క్లోరైడ్. కాల్షియం ఎంజైము ఆకారాన్ని నిలబెడుతుంది. జింకు ఎంజైమే కదా అని జింకును దండిగా పోయొద్దు, ఎక్కువైన జింకు ఇదే ఎంజైమును అడ్డుకుంటుంది.

రెండో డబ్బాలో కాల్షియం, జింకు వేయకుండా 20 మిల్లీమోలార్ ఈడీటీఏ. ఈడీటీఏ పొడి నీళ్లలో ఊరికే కరగదు, సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేసి పీహెచ్ 8 దగ్గరికి తెస్తేనే కరుగుతుంది. బఫర్‌లో కలిపాక పీహెచ్ మళ్లీ చూసి 7.5కు తేవాలి. ఈ పని విసుగని చాలామంది వదిలేస్తారు. కానీ పీహెచ్ పడిపోయినందువల్ల గీత మాయమైతే అది జింకుకు సాక్ష్యం కాదు, ఆమ్లానికి సాక్ష్యం.

మూడో డబ్బా నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఈడీటీఏ జింకును లాగుతుంది నిజమే, కాల్షియాన్నీ లాగుతుంది. ఈ ఎంజైములకు కాల్షియం కూడా కావాలని ఇప్పుడే చెప్పుకున్నాం. అంటే ఈడీటీఏ పట్టీలో గీత పోతే తేలేది ఇది లోహం మీద ఆధారపడే ఎంజైమని మాత్రమే. ఏ లోహమో తేలదు. దానికి 1,10-ఫినాంథ్రోలిన్ కావాలి. అది జింకు, ఇనుము, రాగి లాంటివాటిని గట్టిగా పట్టుకుంటుంది, కాల్షియం జోలికి పెద్దగా పోదు. డబ్బాలో 5 మిల్లీమోలార్ కాల్షియం అలాగే ఉంచి, జింకు మానేసి, 2 మిల్లీమోలార్ ఫినాంథ్రోలిన్ వేయండి. కాల్షియం పుష్కలంగా ఉన్నా గీత పోయిందంటే, అప్పుడు జింకు మీద వేలు పెట్టి చూపించొచ్చు.

ఫినాంథ్రోలిన్ నీళ్లలో సరిగా కరగదు, ఇథనాల్‌లో 200 మిల్లీమోలార్ ద్రావణం చేసుకుని వందో వంతు కలుపుతాం. అలాంటప్పుడు మామూలు పట్టీ డబ్బాలో కూడా ఒక శాతం ఇథనాల్ కలపాలి. లేకపోతే "ఇథనాల్ వల్ల ఆగిందేమో" అని ఎవరైనా అడిగితే నోరు మూసుకోవాల్సి వస్తుంది. వైవాలో తప్పకుండా అడుగుతారు. ఇంకో చిన్న సంగతి: ఫినాంథ్రోలిన్ వేసిన బఫర్ నారింజ ఎరుపుకు తిరిగితే ఏదో చోట ఇనుము కలిసిందన్నమాట. ఫెర్రస్ ఇనుముతో అది ఆ రంగు ఇస్తుంది. గిన్నెనో నీళ్లనో అనుమానించి మొత్తం మళ్లీ చేసుకోండి.

నాలుగో డబ్బా సీరిన్ ప్రోటియేజ్‌ల కోసం, అంటే ట్రిప్సిన్ బాపతు ఎంజైముల కోసం. మామూలు బఫర్‌లోనే, వాటిని ఆపే పీఎంఎస్ఎఫ్ ఒక మిల్లీమోలార్, ఐసోప్రొపనాల్‌లో కరిగించి. నీళ్లలో అది త్వరగా పాడవుతుంది, అందుకే చివరి నిమిషంలో కలపాలి. పాడయ్యేలోపు పట్టుకున్న సీరిన్ ఎంజైమును మాత్రం ఇక వదలదు. మన గీత ఈ పట్టీలో చెక్కుచెదరకుండా నిలబడాలి. పీఎంఎస్ఎఫ్ ఘాటైన విషం, పొడిని తూచేటప్పుడు మాస్క్ పెట్టుకోండి.

సరదా ఉంటే అయిదో పట్టీకి డాక్సీసైక్లిన్ వాడి చూడొచ్చు. యాంటీబయాటిక్‌గా తెలిసిన ఈ మందు ఎంఎంపీలను కూడా అడ్డుకుంటుంది. చిగుళ్ల జబ్బుకు, బ్యాక్టీరియాను చంపలేనంత తక్కువగా, 20 మిల్లీగ్రాముల మోతాదులో వాడటానికి అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది కూడా.

రాత్రి

నాలుగు డబ్బాలూ 37 డిగ్రీల్లో 16 నుంచి 18 గంటలు. వినడానికి సులువైన వాక్యం. ఎండాకాలంలో మా దగ్గర గది వేడే 40 దాటుతుంది, ఇంక్యుబేటర్‌కు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. మీటరు మీద 37 అని పెట్టినా లోపల 41 ఉంటుంది. అప్పుడు డబ్బాల్ని ఏసీ గదిలోకి మార్చి, కెమికల్స్ పార్సిల్‌లో వచ్చిన థర్మోకోల్ పెట్టెలో గోరువెచ్చటి నీళ్ల సీసాల మధ్య పెడతాం, ఒక థర్మామీటరు మూతలోంచి దూర్చి. కరెంటు పోయే రాత్రులకూ ఇదే పెట్టె. ఒకట్రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, నాలుగు డబ్బాలూ ఒకే పెట్టెలో, ఒకే సమయం ఉండటం ముఖ్యం.

బఫర్లు అదే రోజు చేసి వడకట్టినవై ఉండాలి. పాత బఫర్‌లో రాత్రంతా బ్యాక్టీరియా పెరుగుతుంది, దానికి జెలటిన్ అంటే విందు భోజనమే. పొద్దున చూస్తే లేన్లతో సంబంధం లేకుండా ఎక్కడపడితే అక్కడ గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి.

పొద్దున

కూమాసీ ఆర్-250 అర శాతం, 40 శాతం మిథనాల్, 10 శాతం అసెటిక్ ఆమ్లంలో. గంటసేపు. తర్వాత రంగు లేని అదే ద్రావణంతో కడగడం. మొదట జెల్ అంతా ఒకటే ముదురు నీలం, ఏమీ కనబడదు, పిల్లల ముఖాలు వాడిపోతాయి. రెండోసారి ద్రావణం మార్చాక మెల్లగా గీతలు తేలతాయి. ఇక్కడ ఆగడం తెలియాలి. ఇంకా కడుగుతూ పోతే నేపథ్యపు నీలం కూడా పోయి సన్న గీతలు కలిసిపోతాయి. తేలిక నీలంలో తెల్ల గీత అంచు పదునుగా కనబడినప్పుడే తీసి నీళ్లలో వేయండి. ఎక్స్-రే చూసే లైట్ బాక్స్ మీద పెట్టి ఫోన్‌తో ఫోటో తీస్తే చాలు, నాలుగు పట్టీలూ పక్కపక్కన, ఒకే ఫ్రేములో.

మామూలు పట్టీలో 92 కిలోడాల్టన్ల దగ్గర ఒకటి, 72 దగ్గర ఒకటి కనిపించాలి. ఇవి మనిషి ఎంఎంపీ-9, ఎంఎంపీ-2ల లెక్కలు, మేకలోనూ దాదాపు అక్కడే పడతాయి. 72కు కాస్త కింద, 62-66 మధ్య సన్నగా ఇంకోటి ఉంటే అది ఎంఎంపీ-2 చురుకు రూపం. చాలా పైన, 200కు అటు, కనబడేది ఎంఎంపీ-9 జంటగా అతుక్కున్నది. పీఎంఎస్ఎఫ్ పట్టీలో ఇవే గీతలు ఉండాలి. ఈడీటీఏ, ఫినాంథ్రోలిన్ పట్టీలు ఆ చోట్ల నీలంగా ఉండాలి. ఏదైనా గీత ఫినాంథ్రోలిన్‌లో కూడా నిలబడిందంటే అది మన కుటుంబానిది కాదు, రిపోర్టులో దాన్ని ఎంఎంపీ అని రాయొద్దు.

72 గీత మీద పిల్లలు తరచుగా పొరపడేది ఒకటుంది. అది ప్రో రూపం, అంటే ఇంకా పనిలోకి దిగని ఎంజైము. దాని ముందు భాగంలో ఒక సిస్టీన్ ఉంటుంది, దాని గంధకం జింకును నాలుగో చేతిలా పట్టుకుని నీటిని దగ్గరికి రానివ్వదు. 1990లో దీనికి సిస్టీన్ స్విచ్ అని పేరొచ్చింది. మరి పనిచేయని ఎంజైము జెలటిన్‌ను ఎలా తిన్నది? ఎస్‌డీఎస్ దాన్ని విప్పినప్పుడు ఆ సిస్టీన్ జింకు నుంచి జారిపోతుంది. ట్రైటాన్‌లో మళ్లీ మడతపడ్డాక ముందు భాగం తెగకుండానే కోత మొదలవుతుంది. సీరంలో ఈ ఎంజైముల్ని పట్టి ఉంచే టింప్ అనే ప్రొటీన్లు కూడా ఎస్‌డీఎస్‌లో విడిపోయి వేరే చోటికి నడిచిపోతాయి. కాబట్టి జెల్‌లో లావుపాటి గీత వచ్చినంత మాత్రాన ఆ మేక ఒంట్లో ఆ ఎంజైము అంత చురుగ్గా ఉందని కాదు. "ఆక్టివిటీ పెరిగింది" అని రాసే ముందు 72 ఎంత, 62 ఎంత అని విడిగా చూడాలి. గీత లావును ఫోన్ ఫోటోలోంచి అంకెగా మార్చి గ్రాఫ్ గీయడం నాకు నచ్చదు. ఒక హద్దు దాటాక అక్కడ తినడానికి జెలటినే మిగలదు, ఎంజైము రెట్టింపైనా గీత రెట్టింపు కాదు. అంకెలు కావాలనుకుంటే అదే సీరాన్ని నాలుగైదు పలచనల్లో పక్కపక్కన వేసి, గీత సమానంగా పెరిగే మేర ఎక్కడిదాకా ఉందో ముందు చూసుకోండి.

ఏ పట్టీలోనూ గీత లేకపోతే ముందు అడగాల్సింది ఎవరైనా నమూనాను మరగబెట్టారా అని. తర్వాత ట్రైటాన్ కడుగుడు, ఆ తర్వాత బఫర్ పీహెచ్. నాలుగు పట్టీల్లోనూ గీతలుంటే ఫినాంథ్రోలిన్ సీసా తేదీ చూడండి, తెల్ల పొడి గులాబీకి తిరిగిందేమో చూడండి.

మిగిలిన నెత్తురులో బ్లీచింగ్ ద్రావణం పోసి అరగంట ఉంచి పారబోయండి. ఆ బ్లీచింగ్‌ను కూమాసీ కడిగిన ఆమ్లం సీసాలో మాత్రం కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. జెల్‌ను దాచుకోవాలంటే 5 శాతం గ్లిజరాల్‌లో గంటసేపు నానబెట్టి, తడిపిన రెండు సెలొఫేన్ కాగితాల మధ్య బుడగలు లేకుండా పరిచి, చుట్టూ క్లిప్పులు పెట్టి నీడలో ఆరబెట్టండి. ఫ్యాను కింద పెడితే మా ఎండల్లో పూట గడవకముందే అంచుల నుంచి పగులుతుంది.